ఎలపట, దాపట

ప్రకాశం జిల్లా పుట్టుకే ఒక జట్టు కూర్పు అని నాకు ఎప్పటినుంచో ఒక ఊహ. 1970 ఫిబ్రవరిలో గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల తాలూకాలను, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలను, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు తాలూకాలను తెచ్చి ఒకే కాడికి కట్టారు. ఇచ్చినవాళ్ళు ఏమి మిగుల్చుకుని ఏమి ఇచ్చారో ఒకసారి పటం ముందేసుకుని చూడండి. కృష్ణ నీళ్ళు పారే మాగాణి గుంటూరుకు మిగిలింది, పెన్న నీళ్ళు పారేది నెల్లూరుకు మిగిలింది. కర్నూలువారు నల్లమల కొండకు తూర్పున ఉన్న మమ్మల్ని వదులుకోవడానికి పెద్దగా బాధపడినట్టు మా పెద్దలెవరూ చెప్పలేదు. 2022 నుంచి ఆ కాడి ఎడ్లు మళ్ళీ అటూ ఇటూ మారుతూనే ఉన్నాయి. ఏ మార్పులో ఎటు వెళ్ళినా మావైపును పశ్చిమ ప్రకాశం అనడమే నాకు అలవాటు.

జట్లు ఎలా కూరుతాయి అన్న విషయం మీద నాకు కొంత పిచ్చి ఉంది. ఆటకన్నా ఆటకు ముందు జరిగే బేరసారాలే నన్ను ఎక్కువ లాగుతాయి. అమెరికాలో ఉద్యోగం చేసిన రోజుల్లో బేస్‌బాల్ నాకు ఆ దారిలోనే పట్టుబడింది. బంతిని ఎలా విసురుతారో, కొట్టినవాడు ఎటు పరుగెత్తుతాడో సరిగ్గా తలకెక్కక ముందే, ఏ జట్టు ఎవరిని పెంచింది, ఎవరిని మార్చుకుంది, ఎవరికి ఎంత పోసింది అనే లెక్క మాత్రం ఇట్టే తెలిసిపోయింది. తోటి ఉద్యోగులకు ఇది వింతగా ఉండేది. నాకు వింత కాదు. ఆ విద్యలో నాకు అక్షరాభ్యాసం మా పెదనాన్న గొడ్లచావిట్లో జరిగింది.

మావైపు వాళ్ళకు చెప్పనక్కరలేదు గానీ, మిగిలిన చదువరుల కోసం బండలాగుడు పోటీ సంగతి కొంచెం చెప్పాలి. సంక్రాంతికీ, ఉగాదికీ, తిరునాళ్ళకూ జరుగుతుంది. చదును చేసిన బాట మీద ఒక పెద్ద రాతిబండ ఉంటుంది. కాడి కట్టిన రెండు ఒంగోలు గిత్తలు దాన్ని ఆ చివరిదాకా లాగి, తిప్పుకుని, మళ్ళీ ఈ చివరికి లాగుకురావాలి. పరుగుపందెం కాదిది. పెట్టిన గడువులో, పెద్ద వర్గాలకు సాధారణంగా 20 నిమిషాలు, ఎవరి జత ఎక్కువ అడుగులు లాగితే వారిది గెలుపు. వర్గాలు పళ్ళను బట్టి: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన జూనియర్లు, సీనియర్లు. వర్గం పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. పశువుకు జన్మపత్రిక ఉండదు కాబట్టి నోరు తెరిచి చూడడమే వయసు ధ్రువీకరణ. పదిహేడేళ్ళ కుర్రవాణ్ణి పద్నాలుగేళ్ళవాడిగా చూపించి ఆడించే తంటా ఈ ఆటలో లేదు.

జతలో కుడివైపు కట్టేది ఎలపటి గిత్త, ఎడమవైపుది దాపటిది. నిఘంటువు వలపట అంటుంది, మా నోళ్ళలో ఎలపట. ఒకవైపు అలవాటుపడిన గిత్తను రెండోవైపు కడితే సగం బలం చూపదు. రెండూ ఒకే ఎత్తు ఉండాలి, లేకపోతే కాడి ఒరిగి బరువంతా పొట్టిదాని మెడ మీద పడుతుంది. ఒకే అడుగు వెయ్యాలి. ఒకటి దూకుడుదైతే రెండోది నిదానందై ఉండాలి, కానీ మరీ నిదానం పనికిరాదు. చివర తిప్పే చోట ఒకటి ఆగి రెండోది చుట్టి రావాలి, ఆ క్షణంలో రెండూ లాగినా చేటే, రెండూ ఆగినా చేటే. కనుక జిల్లాలోకెల్లా బలమైన గిత్తను, దాని తర్వాత బలమైన గిత్తను తెచ్చి కట్టినంతమాత్రాన జిల్లాలోకెల్లా గొప్ప జత తయారవదు. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది పెద్దమనుషులు ఎంత సొమ్ము పోగొట్టుకున్నారో, మావైపున, హైదరాబాదులోనూ, న్యూయార్కులోనూ!

జత కూర్చడానికి దారులు మూడు. ఇంటి ఆవు ఈనిన దూడను పెంచడం ఒకటి. ఉన్నదాన్ని ఇచ్చి కావలసినదాన్ని తెచ్చుకోవడం రెండు, దీన్ని మారుబేరం అంటారు. డబ్బు పోసి కొనడం మూడు. బేస్‌బాల్ జట్టుకైనా ఇవే మూడు దారులు, నాలుగోది ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. మా పెదనాన్న పదేళ్ళలో మూడు దారులూ తొక్కాడు, అదీ ఒకే గిత్త కోసం.

మా ఊరు కంభానికీ గిద్దలూరుకూ నడుమ, గుండ్లకమ్మకు కొంచెం ఎడంగా ఉంటుంది. వాన పడితే కంది, సజ్జ, ఆముదం. పడకపోతే మార్కాపురం పలకల ఫ్యాక్టరీలు, గుంటూరు మిరప కోతలు, ఆపైన హైదరాబాదు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ నీళ్ళ కోసం ఎదురుచూస్తూ పెద్దయిన తరం మాది. అటువంటి చోట పెదనాన్న ఇంట్లో ఒకే ఏడాది రెండు ఆవులు నెల తేడాలో రెండు కోడెదూడలను వేశాయి. రెండూ పాలతెలుపు, రెండింటికీ మెడ మీద బూడిద నీడ. సుడులు చూసినవాళ్ళు మంచి సుడులన్నారు. పెద్దమ్మ ఆ రెండు ఆవుల పాలూ ఇంట్లోకి పితకడం మానేసింది. మాకు కాఫీలో మేకపాలు పోసిన ఏడాది అదే.

దూడను పెంచడం అంటే మేత వేయడం అని బయటివారు అనుకుంటారు. ఏడాది దాటగానే రెంటినీ పక్కపక్కన కట్టి నడిపించడం, ఎవరు ఎలపట ఎవరు దాపట అని దూడలే చెప్పేదాకా ఓపిక పట్టడం, మెడకు ఉత్త కాడి అలవాటు చేయడం, తర్వాత ఇసుక బండి, ఆ తర్వాత చిన్న బండ. ఉలవలు ఉడకబెట్టడం, పత్తిగింజలు రుబ్బడం, గుండ్లకమ్మలో నీళ్ళున్న నెలల్లో ఈత కొట్టించడం. పెదనాన్న దగ్గర ఒక విరిగిన మార్కాపురం పలక ఉండేది. దాని మీద బలపంతో, తొలి అయిదు నిమిషాల్లో ఎన్ని అడుగులు, చివరి అయిదు నిమిషాల్లో ఎన్ని, తిప్పేటప్పుడు ఎంత ఆలస్యం అని రాసి, నెలాఖరున చెరిపేసేవాడు. తొలి అయిదు నిమిషాల అంకె చూసి ఊరివాళ్ళు మురిసేవాళ్ళు. ఆయన చివరి అయిదు నిమిషాల అంకె చూసేవాడు. చాలా ఏళ్ళ తర్వాత మైకేల్ లూయిస్ రాసిన 'మనీబాల్' చదువుతూ, అందరూ చూసే అంకె వేరు, గెలిపించే అంకె వేరు అనే చోట ఆగి, ఆ పలకను తలచుకున్నాను.

2003లో వచ్చిన ఆ పుస్తకం గురించి ఒక మాట. ఓక్లండ్ జట్టు 2002లో ఏడాది జీతాలకు 4 కోట్ల డాలర్లు పెట్టింది, న్యూయార్క్ యాంకీస్ దానికి మూడింతలు పెట్టింది, అయినా ఇద్దరూ 103 ఆటలు గెలిచారు. ఓక్లండ్ వరుసగా 20 ఆటలు గెలిచింది కూడా. ఎవరికీ అక్కర్లేని ఆటగాళ్ళను అంకెల సాయంతో చవకగా ఏరుకుని బిల్లీ బీన్ అనే నిర్వాహకుడు అద్భుతం చేశాడని పుస్తకమూ, 2011లో వచ్చిన సినిమా మరికాస్త గట్టిగానూ చెప్పాయి. చవక కొనుగోళ్ళు నిజమే. కానీ ఆ జట్టుకు బంతి విసిరిన ముగ్గురు మొనగాళ్ళు, టిమ్ హడ్సన్, మార్క్ మల్డర్, బారీ జీటో, ముగ్గురూ ఆ జట్టు తన చావిట్లో పెంచుకున్న దూడలే. ఆ ఏడాది విసరడంలో అత్యున్నత పురస్కారం జీటోకు వచ్చింది. కొట్టేవాళ్ళలో అత్యున్నతం మిగెల్ తెహాదాకు వచ్చింది, అతడూ ఇంటి దూడే. నన్నడిగితే పుస్తకానికి అసలు కథ ఆ చావిడి. అది నిదానంగా సాగే కథ కాబట్టి పుస్తకానికి పనికొచ్చి ఉండదు.

తర్వాత ఏమైంది? తెహాదా 2003 తర్వాత బాల్టిమోరుకు వెళ్ళిపోయాడు. 2004 డిసెంబరులో వారం తిరక్కుండా హడ్సన్‌నూ, మల్డర్‌నూ మారుబేరం చేశారు. జీటో 2006 డిసెంబరులో వంతెన అవతలి శాన్‌ఫ్రాన్సిస్కోకు 12 కోట్ల 60 లక్షల డాలర్లకు ఏడేళ్ళ ఒప్పందం చేసుకున్నాడు. అప్పుడు నేను ఫ్రీమాంటులో ఉన్నాను. జీటో వెళ్ళినప్పుడు, ఆ జట్టును చిన్నప్పటినుంచి చూస్తున్న ఒక సహోద్యోగి వారంపాటు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. "పెంచింది మేము" అని ఒక్కసారి అన్నాడు. నాకు వెంటనే మా పెద్దమ్మ గుర్తుకొచ్చింది.

పెదనాన్న జత రెండు పళ్ళ వర్గంలో మూడు చోట్ల గెలిచింది. నాలుగు పళ్ళ వర్గంలో మొదటి పోటీ గెలిచిన వారానికి డెల్టా నుంచి ఇద్దరు మనుషులు కారులో వచ్చారు. వాళ్ళకు కావలసింది ఒక్క ఎలపటిది. వాళ్ళ దగ్గర అప్పటికే గొప్ప దాపటి గిత్త ఉంది, దాని జోడు కాలు బెణికి మూలపడింది. రెండూ తీసుకోండి, జత ఇడగొట్టను అన్నాడు పెదనాన్న. రెండోది మాకెందుకండీ పెద్దాయనా, మీ దగ్గరే ఉంచుకోండి అన్నారు వాళ్ళు, ఏదో ఉపకారం చేస్తున్నట్టు. మధ్యలో ఉన్న బేరగాడు భుజం మీది తువ్వాలు తీసి పెదనాన్న చేతి మీద కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పాడు. ఆ రోజుల్లో నోటితో ధర చెప్పడం మర్యాద కాదు. పెదనాన్న ముఖంలో ఏ మార్పూ లేదు. చేతిని మాత్రం చాలాసేపు వెనక్కి తీసుకోలేదు.

ఇక్కడ డెల్టావాళ్ళను దుర్మార్గులుగా చూపించడం సులువు, న్యాయం కాదు. ఈ వ్యాపారం నూటాయాభై ఏళ్ళకు పైబడినది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణా డెల్టాలో బీడంతా వరిచేలైంది. వరి దున్నడానికి ఎడ్లు కావాలి, ఆ ఎడ్లను కని పెంచడానికి కావలసిన మేతబీళ్ళు మాత్రం వరి కిందకే పోయాయి. బీళ్ళు మెట్టసీమలో మిగిలాయి. కనుక మెట్ట పెంచింది, డెల్టా కొన్నది. వాళ్ళ చేతిలో ఏటా పండే పంట ఉంది, మా చేతిలో ఏటా ఎదిగే దూడ ఉంది. ట్రాక్టర్లు వచ్చి దున్నే ఎడ్లకు విలువ పోయాక, ఈ పోటీలే ఆ పాత దారిని నిలబెట్టాయి. బేస్‌బాల్‌లోనూ చిన్న ఊళ్ళ జట్లు, పెద్ద ఊళ్ళ జట్లు అని అంటారు. టెలివిజన్ సొమ్ము ఎక్కువ వచ్చే ఊరు మాగాణి, తక్కువ వచ్చేది మెట్ట.

పైగా ఒంగోలు జాతి విషయంలో కొనుగోలుదారు మరీ దూరపువాడు. బ్రెజిల్‌లో నెలోర్ అని పిలిచే పశువులన్నీ నెల్లూరు పేరు మోస్తున్న మన ఒంగోలు సంతతే. 1960లలో ఇక్కడినుంచి వెళ్ళిన ఆబోతుల్లో ఒకటి ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరుతోనే అక్కడ వంశకర్త అయింది. వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడోవంతు వాటా 2023లో అమ్ముడైన ధరను బట్టి, మొత్తం ఆవు విలువ 43 లక్షల డాలర్లని లెక్క తేలింది. మన చావిట్లో పుట్టిన జాతికి అంత విలువ వేరేచోట వచ్చిందని గర్వపడాలో, ఇంకేమైనా పడాలో నాకు తేలలేదు.

మళ్ళీ పెదనాన్న దగ్గరికి వస్తాను. ఆయన అమ్మాడు. కారణాలు రహస్యమేమీ కాదు. రెండు బోర్లు ఎండిపోయాయి, మూడోది వేయాలి. మా అక్క పెళ్ళి బాకీ వడ్డీ పెరుగుతోంది. ఎలపటిది లారీ ఎక్కిన రోజు పెద్దమ్మ బయటికి రాలేదు. దాపటిది రెండు రోజులు తొట్టి ముట్టలేదు. మూడో రోజు నుంచి మామూలుగానే తిన్నది. పశువుల దుఃఖం గురించి కవిత్వం చెప్పేవారి కోసం ఈ మూడో రోజు సంగతి కూడా చెబుతున్నాను. తినడం మామూలైనా, కాడి ఎత్తగానే అది తన ఎడమ చోటికి వెళ్ళి నిలబడి, కుడివైపుకు తల తిప్పి చూసేది. ఆ అలవాటు చాలాకాలం పోలేదు. అప్పుడు పెదనాన్న అన్న మాట నాకు ఉన్నదున్నట్టు గుర్తుంది. "ఎద్దునమ్మితే ఒక ఎద్దే పోద్దిరా. జతనిడగొడితే రెండూ పోతయ్."

పోయినదాన్ని కూర్చుకోవడానికి ఆయన రెండో దారి పట్టాడు. మార్కాపురం వైపు ఒక రైతు దగ్గర మంచి ఎలపటిది ఉంది, ఆయనకు పాడి కావాలి. మా రెండు ఆవుల్లో ఒకటి, దాని పెయ్యదూడ, పైన కొంత సొమ్ము ఇచ్చి ఆ గిత్తను తెచ్చాడు. మారుబేరంలో ఒక చిత్రం ఉంది. ఇద్దరూ తామే గెలిచామనుకుంటేనే బేరం కుదురుతుంది, కాని ఎవరు గెలిచారన్నది తేలేసరికి ఏళ్ళు పడుతుంది. దీనికి మన క్రికెట్‌లోనే చక్కటి ఉదాహరణ ఉంది. 2018 చివర్లో సన్‌రైజర్స్ హైదరాబాద్ శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి, బదులుగా విజయ్ శంకర్‌ను, షాబాజ్ నదీమ్‌ను, అభిషేక్ శర్మ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రవాణ్ణి తెచ్చుకుంది. ధావన్ 2020లో రెండు శతకాలతో 618 పరుగులు చేసి ఢిల్లీని ఫైనలు దాకా తీసుకెళ్ళినప్పుడు హైదరాబాదు అభిమానులు పళ్ళు కొరుక్కున్నారు. 2024లో అభిషేక్ 484 పరుగులు బాదాడు, 2025 ఏప్రిల్‌లో పంజాబు మీద 55 బంతుల్లో 141 కొట్టాడు. ఆరేళ్ళ క్రితం పాలపళ్ళ మీదున్న దూడను ఎవరో నోరు తెరిచి చూశారన్నమాట. చూసినవాడి పేరు పత్రికల్లో రాదు.

పెదనాన్న మారుబేరం అలా ఫలించలేదు. వచ్చిన గిత్త బలమైనదే, మంచిదే, దాని అడుగు మాత్రం పొడుగు. మా దాపటిది పొట్టి అడుగులు వడివడిగా వేసేది. పలక మీద తొలి అయిదు నిమిషాల అంకె బ్రహ్మాండంగా ఉండేది, చివరి అంకె పడిపోయేది. పైగా ఇచ్చేసిన ఆవు మా మంచి ఆవు. ఆ ఆవు తర్వాత అక్కడ ఇంకో రెండు కోడెదూడలను వేసిందని, ఆ ఊళ్ళో వాటికి మంచి పేరు వచ్చిందని తెలిసినప్పుడు పెద్దమ్మ పెదనాన్నతో ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండునని ఆయనే ఒకసారి అన్నాడు. గిత్తను ఇచ్చుకోవచ్చు, ఆవును ఇవ్వకూడదు. బేస్‌బాల్‌లో ఈ ఏటి గెలుపు కోసం కుర్రవాళ్ళ చావిడినంతా ఖాళీ చేసి ఒక పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకునే జట్లను చూసినప్పుడల్లా నాకు ఈ ఆవే జ్ఞాపకం వస్తుంది.

మూడో దారి సొమ్ము. బోరులో నీళ్ళు పడి రెండేళ్ళు పత్తి బాగా పండిన కాలంలో, పెదనాన్న అప్పు చేసి ఒక పేరున్న గిత్తను కొన్నాడు. పేరున్నదాన్ని కొనేటప్పుడు చెల్లించేది జరిగిపోయిన గెలుపులకు, జరగబోయే వాటికి కాదు. 2008లో ఐపీఎల్ తొలి వేలంలో హైదరాబాదు దక్కన్ ఛార్జర్స్ చేసింది ఇదే. వి.వి.ఎస్. లక్ష్మణ్ తనకు రావలసిన 'ఐకాన్' హోదాను, దానితో వచ్చే సొమ్మును, జట్టుకు ఖర్చు పెట్టుకోవడానికి వీలుగా వదులుకున్నాడు. పెంచిన ఇంటికోసం మేత తగ్గించుకున్న గిత్త అతడు, అంతకన్నా ఏం చెప్పను. ఆ వీలుతో వాళ్ళు ఆండ్రూ సైమండ్స్‌ను 13 లక్షల 50 వేల డాలర్లకు, ఆడం గిల్‌క్రిస్టును 7 లక్షలకు కొన్నారు. కాగితం మీద అంతకు మించిన జట్టు లేదు. ఆ ఏడాది 14 ఆటల్లో 2 గెలిచి అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడు దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్టు నాయకత్వంలో, ఎక్కువమంది పాతవాళ్ళతోనే, అదే జట్టు కప్పు గెలిచింది. ఏడాదిలో మారింది ఏమిటి? నా ఊహ చెబుతాను: ఎవరు ఎలపట, ఎవరు దాపట అన్నది తేలింది. 2012లో ఆ జట్టే రద్దయింది కాబట్టి దాని గుణదోషాలు ఇప్పుడెవరికీ పట్టవు.

సొమ్ము పని చేయదని నేననడం లేదు. పని చేస్తుంది, చాలా బాగా చేస్తుంది. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 2023 డిసెంబరులో ఓటానీకి పదేళ్ళకు 70 కోట్ల డాలర్లు రాసిచ్చి, 2024లోనూ 2025లోనూ ప్రపంచ కప్పు ఎత్తుకుపోయారు. కానీ ఆ జట్టులో బంతి పట్టే విల్ స్మిత్ ఇంటి దూడ, మూకీ బెట్స్ 2020లో బోస్టన్ నుంచి మారుబేరంలో వచ్చినవాడు, ఓటానీ, ఫ్రీమన్ సొమ్ముతో వచ్చినవాళ్ళు. మూడు దారులూ ఒకేసారి తొక్కగలిగినవాడే మోతుబరి. మా పెదనాన్నలాంటివాళ్ళకు ఒక దారి మూసుకుంటే గానీ రెండోది కనపడదు.

కొన్న గిత్తతో ఆయన ఒక్క పోటీలో రెండో బహుమతి గెలిచాడు. ఆ సొమ్ము ఆ ఏడు ఉలవల ఖర్చుకు సరిపోలేదు. ఈ ఆటలో బహుమతి సొమ్ముతో బాగుపడిన రైతును నేను చూడలేదు. గెలిచిన జతకు ధర పెరుగుతుంది, అంటే గెలుపు వల్ల వచ్చే లాభం అమ్మితే గానీ చేతికి రాదు. మెట్టరైతు ఆటలో ఉన్న అసలు మెలిక ఇది. బాగా పెంచితే పోగొట్టుకుంటావు, సరిగ్గా పెంచకపోతే నీదగ్గరే ఉంటుంది.

ఇటీవల నాలుగో దారి లాంటిది ఒకటి వచ్చింది. కంబైండ్ జత అంటారు. ఒక ఊరి రైతు ఎలపటిదాన్ని, వేరే ఊరి రైతు దాపటిదాన్ని తెచ్చి ఒక పోటీకి కలిపి కడతారు, మైకులో రెండు పేర్లూ చదువుతారు, బహుమతి చెరిసగం. మా దాపటిదాని చివరి రెండేళ్ళు అలాగే గడిచాయి. నాలుగు చోట్ల నాలుగు ఎలపటివాటితో లాగింది. పెద్దవాళ్ళకు ఈ పద్ధతి నచ్చదు, ఎవడి జత అని చెప్పాలిరా అంటారు. నాకు మాత్రం పేదవాడి ఎద్దు పోటీలో నిలబడడానికి ఇంతకన్నా మర్యాదైన ఏర్పాటు కనపడదు.

ఇన్ని మాటలు రాసి, చర్నాకోల సంగతి రాయకపోతే అబద్ధమవుతుంది. బండ కదలనప్పుడు దెబ్బలు పడతాయి, మొనదేలిన కర్రలతో పొడవడమూ చూశాను. ఇది క్రూరత్వం అనేవాళ్ళు తప్పు మాట్లాడడం లేదు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని మన సామెతే ఉంది, పందిరి కింద కూర్చుని అడుగులు లెక్కపెట్టే మనం ఆ కాకులం కాదని గట్టిగా అనలేను. అదే సమయంలో, ఈ పోటీలు లేకుంటే ఒంగోలు కోడెదూడను ఏడాది దాటాక ఎవరు మేపుతారు అన్న ప్రశ్నకు క్రూరత్వం అనేవాళ్ళ దగ్గర జవాబు వినలేదు. కొరడా లేకుండా నడిపే పోటీకి నియమం పెట్టి, దెబ్బకు అడుగులు తగ్గించే పద్ధతి ఎక్కడైనా గట్టిగా అమలైతే రెండువైపులా కొంత న్యాయం జరుగుతుంది. పెదనాన్న కొట్టేవాడు కాదని చెప్పను. తక్కువ కొట్టేవాడు.

ఓక్లండ్ జట్టు సంగతి కూడా చెప్పాలి. ఆటగాళ్ళను ఒక్కొక్కరినే ఇస్తూ వచ్చిన ఆ జట్టు, చివరికి ఊరినే ఇచ్చేసింది. 2024 సెప్టెంబరు 26న అక్కడ ఆఖరి ఆట ఆడి, శాక్రమెంటో దగ్గర తాత్కాలికంగా కాపురం పెట్టి, లాస్ వేగాస్ దారి పట్టింది. నా పాత సహోద్యోగి ఆ రోజు ఆటకు వెళ్ళాడట. మట్టి కొంచెం సీసాలో తెచ్చుకున్నానని రాశాడు. నేను ఏం జవాబు రాయాలో తెలియక, బాగుంది అని రాశాను.

పెదనాన్న లేడిప్పుడు. చావిడి మా అన్నయ్య చేతిలో ఉంది. ఆయనది గిద్దలూరులో పురుగుమందుల కొట్టు, అయినా రెండు ఆవులను వదల్లేదు. మూడేళ్ళ కిందట అతనికి కూడా రెండు కోడెదూడలు కలిసొచ్చాయి, ఒకటి ఇంట్లో పుట్టింది, ఒకటి పాలు మరిచే వయసులో కొన్నది. నాలుగు పళ్ళ దగ్గరికి వచ్చేసరికి బేరాలు మొదలయ్యాయి. ఇప్పుడు తువ్వాళ్ళు లేవు, వాట్సాపులో వీడియో పంపితే ధర వస్తుంది. "ఏంజేద్దామంటావురా?" అని నన్నడిగాడు, నేను అమ్మవద్దంటానని తెలిసే అడిగాడనుకుంటాను. నేను ఆ మాట అనలేకపోయాను. ఉలవల బస్తా మోసేది నేను కాదు, రాత్రి చలిలో లేచి చూసేదీ నేను కాదు. పలక మీద చివరి అయిదు నిమిషాలు ఎంత అని మాత్రం అడిగాను. ఫోనులో రాసుకుంటున్నానన్నాడు, అంకె చెప్పాడు. మంచి అంకె.

పోయిన నెల అమ్మేశాడు. ఒక్క ఎలపటిదానికి వేరొకరు ఇస్తానన్న ధర, రెండింటికీ కలిపి వచ్చిన ధరకు మరీ తక్కువేమీ కాదు. అయినా జతగా తీసుకుంటేనే అన్నాడు, తీసుకునేవాడు దొరికేదాకా నాలుగు నెలలు మేపాడు. కొన్నది నంద్యాల వైపు రైతు. ఆవులు రెండూ ఇంట్లోనే ఉన్నాయి. ఒకటి చూలుతో ఉంది, సంక్రాంతికి ఈనవచ్చునట. కోడెదూడైతే ఫోటో పంపుతానన్నాడు. పెయ్యైనా పంపమన్నాను.